దిద్దేసిన తప్పులు ఎక్కడికి పోతాయి?

2014 సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా నాయనమ్మ మాటల్ని ఫోన్లో రికార్డు చేశాను. ఇబ్రహీంపట్నం నుంచి ఇంకాస్త లోపలికి వెళ్తే మా ఊరు. మూడు రోజుల్లో పదకొండు ఫైళ్లయ్యాయి. పెళ్లి పాటలు, కరువు ముచ్చట్లు, రజాకార్ల కాలంలో రాత్రుళ్లు చేన్లో దాక్కున్న కథ, మధ్యమధ్యలో కోళ్లని అదిలించడం, నన్ను తిట్టడం, అన్నీ ఉన్నాయి వాటిలో. హైదరాబాద్ వచ్చాక ఇంట్లో డెస్క్‌టాప్‌లోకి కాపీ చేసి, అన్నిటినీ ఒక జిప్ ఫైలుగా కట్టి, హార్డ్‌డిస్కులో దాచాను. ఫోన్లో జాగా లేదని అక్కడివి చెరిపేశాను. 2017లో నాయనమ్మ పోయింది. 2021లో, కరోనా రెండో విడతలో, ఊరికి పోలేక ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఆ జిప్ తెరిచాను. ఎనిమిది ఫైళ్లు బాగున్నాయి. మూడింటికి 'సీఆర్‌సీ ఎర్రర్' అని వచ్చింది.

ఆ మూడింట్లో ఒకటి నీరటి కథ. తెలియనివాళ్లకి: చెరువు కట్టని కాచుకుంటూ, తూము తెరిచి మూసి, పొలాలకి వంతులవారీగా నీళ్లు పంచే మనిషి నీరటి. నాయనమ్మ పుట్టింటి ఊరి చెరువుకి ఒక నీరటి ఉండేవాడట. ఒక వానాకాలం కట్టకి ఒకచోట చెమ్మ కనబడింది. ఎవరికీ చెప్పకుండా తనే మట్టి కొట్టి పూడ్చేశాడు. వారానికి అదే చోట మళ్లీ చెమ్మ. మళ్లీ పూడ్చాడు. "పూడ్చిండు గద, ఇగ పటేలుకు చెప్పుడెందుకు అనుకున్నడు" అంటుంది రికార్డింగులో. ఆ తర్వాత పెద్దవాన పడ్డ ఒక రాత్రి... ఫైలు అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. పద్నాలుగో నిమిషం దగ్గర.

ఆ రాత్రి మెమరీని పరీక్షించే ప్రోగ్రామ్ ఒకటి నడిపించి పడుకున్నాను. పొద్దున లేచేసరికి స్క్రీను మీద ఎర్ర గీతలు. ఎన్నిసార్లు తిప్పినా అదే అడ్రసు, అదే బిట్. సున్నా రాస్తే ఒకటి అని చదువుతోంది. ఆ బిట్టే నా జిప్‌ని చెడగొట్టిందని కోర్టులో నిరూపించలేను గానీ, నాకు మాత్రం అనుమానం లేదు. ఫోను నుంచి వచ్చిన మాటలు డిస్కుకి చేరేముందు మెమరీలోంచే కదా నడిచి వెళ్లాలి. దారిలో ఎక్కడో ఒక అక్షరం మారిపోయింది. ఆ డెస్క్‌టాప్ మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా నాతో ఒక్క మాట అనలేదు.

నా ఉద్యోగం ఏమిటో చెప్తే మీకు నవ్వొస్తుంది. సర్వర్లు పంపే హార్డ్‌వేర్ తప్పుల రిపోర్టుల్ని పోగేసి, వాటిలో ఏది ముఖ్యమో, ఏది కాదో తేల్చే సాఫ్ట్‌వేర్ రాయడం.

యంత్రం తన తప్పుని తాను ఎలా పట్టుకుంటుంది, పట్టుకున్నాక ఎవరికి చెప్తుంది? ఈ రెండో ప్రశ్న గురించి ఎవరూ పెద్దగా రాయరు. నాకు మాత్రం కథంతా అందులోనే ఉందనిపిస్తుంది.

* * *

1940ల చివర. బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హ్యామింగ్ అనే గణితజ్ఞుడు రిలేలతో నడిచే ఒక పెద్ద లెక్కల యంత్రాన్ని వాడుకునేవాడు. అది తన తప్పుని తాను గుర్తుపట్టగలదు. వారం మధ్యలో అయితే తప్పు దొరకగానే దీపాలు వెలిగేవి, ఆపరేటర్లు వచ్చి సరిచేసి మళ్లీ నడిపించేవాళ్లు. శని, ఆదివారాలు మనుషులుండరు. అప్పుడు తప్పు దొరికితే యంత్రం ఆ లెక్కని అక్కడే వదిలేసి తర్వాతి లెక్కకి వెళ్లిపోయేది. హ్యామింగ్‌కి దొరికేది ఆ శని, ఆదివారాలే. సోమవారం వచ్చి చూస్తే పని కాలేదు. వరసగా రెండు వారాలు ఇలా జరిగాక మనిషికి ఒళ్లు మండింది. తప్పు జరిగిందని తెలుసుకోగలిగిన యంత్రం, అది ఎక్కడ జరిగిందో తెలుసుకుని దిద్దుకోలేదా అని మొదలుపెట్టాడు. 1950లో అచ్చైన ఆ వ్యాసం నుంచే ఇవాళ్టి ఈసీసీ మెమరీ దాకా దారి పడింది.

అందులో కిటుకు ఇంతే. నాలుగు బిట్ల సమాచారానికి మూడు సాక్షి బిట్లు తోడు పెడతాం. ఒక్కో సాక్షి కొన్ని బిట్లని మాత్రమే కాపలా కాస్తుంది, వాటిలో ఒకట్లు సరిసంఖ్యలో ఉన్నాయా లేదా అని. ఒక బిట్ తారుమారైతే ఏయే సాక్షులు గోల చేశారో చూసి, దోషి ఎవరో కనిపెట్టొచ్చు. బిట్‌కి రెండే రూపాలు కాబట్టి దోషి దొరికితే దిద్దడం ఎంతసేపు, తిరగేస్తే సరి. చాలాకాలంగా సర్వర్ల మెమరీలో 64 బిట్లకి 8 సాక్షులు. ఒక బిట్ పోతే దిద్దుతుంది, రెండు పోతే దిద్దలేను అని ఒప్పుకుంటుంది.

హ్యామింగ్ కథని ఇంజనీర్లు పట్టుదల కథగా చెప్పుకుంటారు. నాకు అందులో వేరే సంగతి కనిపిస్తుంది. చెప్పడానికి మనుషులున్న రోజున యంత్రం చెప్పింది. మనుషులు లేని రోజున ఎవరికి చెప్పాలో తెలియక వదిలేసింది. వినే మనిషి లేనిచోట పనికొచ్చే ఏర్పాటుగా పుట్టింది దిద్దుబాటు.

పెద్ద యంత్రాల కాలంలో మాత్రం వినేవాళ్లకి కొదవ లేదు. 1964లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360లో హార్డ్‌వేర్ తప్పు దొరికితే 'మెషిన్ చెక్' అనే ప్రత్యేకమైన అంతరాయం వచ్చేది. ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి, ఆపరేటింగ్ సిస్టమ్‌ని పిలిచి, ఇదిగో నాకు ఇక్కడ నొప్పి అని చెప్పడమన్నమాట. ఆపరేటింగ్ సిస్టమ్ ఆ వివరాలన్నీ 'లాగ్‌రెక్' అనే ఫైలులో రాసిపెట్టేది. కంపెనీ ఇంజనీరు వచ్చి దాన్ని అచ్చువేసుకుని చదివేవాడు. తప్పు, తప్పుని రాసే చిట్టా, చిట్టా చదవడానికి జీతమిచ్చి పెట్టిన మనిషి, మూడూ ఒకే ఏర్పాటులో భాగాలు.

మన దేశంలో ఆ మూడోవాడికి ఏకంగా ఒక కంపెనీయే పుట్టింది. 1978లో ఐబీఎం ఇండియా నుంచి వెళ్లిపోయినప్పుడు, వదిలేసి పోయిన యంత్రాల బాధ్యత సీఎంసీ మీద పడింది. ఇప్పటివాళ్లకి ఆ మూడక్షరాలు తప్ప గుర్తుండవు గానీ, పూర్తి పేరు కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్. అంటే మరమ్మతు కోసం పెట్టిన ప్రభుత్వ కంపెనీ. తర్వాత రైల్వే రిజర్వేషన్ వ్యవస్థ కట్టింది, సికింద్రాబాద్‌లో పరిశోధన కేంద్రం నడిపింది, 2001లో టాటాల చేతికి వెళ్లి, 2015లో టీసీఎస్‌లో కలిసిపోయింది. అదే టీసీఎస్‌కి ఇప్పుడు మా ఇబ్రహీంపట్నం మండలంలోనే, ఆదిభట్లలో, పెద్ద క్యాంపస్ ఉంది. మా చిన్నప్పుడు అటంతా చేన్లే. యంత్రాల నొప్పులు వినడం అనే పని మీద బతికిన సంస్థ చివరికి మా చేన్లదాకా వచ్చి పేరు లేకుండా కలిసిపోయిందని అటు వెళ్లినప్పుడల్లా అనుకుంటాను. ఎవరితోనైనా అంటే వింతగా చూస్తారు.

* * *

యంత్రంలో బిట్ ఎందుకు తిరగబడుతుంది? ఈ ప్రశ్నకి హైదరాబాద్‌లో ఒక అడ్రసుంది.

1976లో మొట్టమొదటి క్రే-1 సూపర్ కంప్యూటర్‌ని అమెరికాలోని లాస్ అలమోస్ ల్యాబ్‌కి పరీక్ష కోసం తీసుకెళ్లారు. సీమోర్ క్రే వేగం మనిషి. దిద్దుబాటు బిట్లు పెడితే యంత్రం నెమ్మదిస్తుందని వాటిని పెట్టలేదు, ప్యారిటీ మాత్రం ఉంది. అంటే తప్పు దొరుకుతుంది, దిద్దడం రాదు. ఆరు నెలల్లో 152 మెమరీ తప్పులు నమోదయ్యాయి. లాస్ అలమోస్ సముద్రమట్టానికి రెండు వేల మీటర్ల పైన ఉంది. చాలా ఏళ్ల తర్వాత ఆ పాత లెక్కల్ని తిరగేసినవాళ్లు, అందులో విశ్వకిరణాల వల్ల పుట్టిన న్యూట్రాన్ల చెయ్యి ఉందని తేల్చారు. తర్వాతి క్రేలకి దిద్దుబాటు వచ్చింది. 1978లో ఇంటెల్ ఇంజనీర్లు ఇంకో దొంగని పట్టుకున్నారు: చిప్పుని కప్పే పింగాణీ లాంటి పదార్థంలో లేశమాత్రంగా ఉన్న యురేనియం, థోరియం. 1979లో ఐబీఎంకి చెందిన జీగ్లర్, యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన లాన్‌ఫర్డ్ కలిసి విశ్వకిరణాలు కంప్యూటర్ మెమరీని ఏం చేస్తాయో లెక్కగట్టి ప్రచురించారు.

ఇప్పుడు హైదరాబాద్ అడ్రసు. 1967లో ఇక్కడ ఈసీఐఎల్ పెట్టారు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన ఏ.ఎస్.రావు దాని సారథి; ఏ.ఎస్.రావు నగర్‌లో ఇల్లు వెతుక్కునే ఐటీ పిల్లల్లో ఎంతమందికి ఆయన తెలుసో. దేశంలోనే రూపొందిన టీడీసీ-12 కంప్యూటర్లని తయారుచేసి అమ్మింది ఈ సంస్థే. దాదాపు అదే కాలంలో దాని పక్కనే టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బెలూన్ కేంద్రం స్థిరపడింది. భారీ ప్లాస్టిక్ బెలూన్లకి పరికరాలు కట్టి ముప్ఫై కిలోమీటర్ల పైకి పంపి విశ్వకిరణాలని, ఎక్స్ కిరణాలని కొలిచేవాళ్లు. ఇప్పటికీ ఎగరేస్తున్నారు. 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల పొలాల్లో దిగిన గుండ్రటి పెట్టెని చూసి గ్రహాంతరవాసులని జనం పరిగెత్తుకొచ్చారే, అది ఇక్కణ్ణుంచి ఎగిరిన స్పెయిన్ కంపెనీ వాళ్ల ప్రయోగమే.

హైదరాబాదే ఎందుకంటే, ఇది భూమి అయస్కాంత మధ్యరేఖకి దగ్గర. ఇక్కడ భూమి అయస్కాంత క్షేత్రం తక్కువ శక్తి కణాలని పక్కకి తోసేస్తుంది. బాగా బలమున్నవే లోపలికొస్తాయి. కొలిచేవాడికి అనవసరపు రొద తక్కువ. మెమరీ చిప్పుకి కూడా ఇది మంచి చోటే. నా డెస్క్‌టాప్ గనక లాస్ అలమోస్‌లో ఉండుంటే విశ్వకిరణాల దెబ్బలు ఇంకా చాలా ఎక్కువ తినేది. అంటే ఒకే గోడకి అటు కంప్యూటర్లు చేసేవాళ్లు, ఇటు కంప్యూటర్లని తడబాటు పెట్టే కణాలని లెక్కపెట్టేవాళ్లు. మన సాహిత్యంలో దీని మీద ఒక కథైనా రాకపోవడం నాకు లోటుగానే ఉంటుంది.

అయితే తప్పంతా ఆకాశం మీదికి నెట్టేయడం మనవాళ్లకి సరదా. 2003లో బెల్జియంలోని స్కార్‌బేక్ ఎన్నికల్లో ఒక అభ్యర్థికి 4096 ఓట్లు ఎక్కువొచ్చాయి. పడే వీలున్న ఓట్ల కంటే ఆ అంకె ఎక్కువైంది కాబట్టి దొరికింది. 4096 అంటే రెండుని పన్నెండుసార్లు గుణించిన సంఖ్య. అంటే ఒక్క బిట్, కుడి నుంచి పదమూడోది. (12 బిట్ల మాట వాడే టీడీసీ-12 అయితే ఆ బిట్టే ఉండదు.) విశ్వకిరణం పనే కావచ్చన్నారు. కావచ్చు. మొన్న 2025 నవంబర్ చివర ఎయిర్‌బస్ సంస్థ, తీవ్రమైన సౌర వికిరణం విమానాన్ని నడిపే కంప్యూటర్లోని డేటాని చెడగొట్టవచ్చని చెప్పి, దాదాపు ఆరు వేల ఏ320 రకం విమానాలకి సాఫ్ట్‌వేర్ మార్పు చెప్పింది. శంషాబాద్ నుంచి మా మీదుగా ఎగిరేవాటిలో సగం అవే. కానీ 2009లో గూగుల్ తన వేలాది సర్వర్లని రెండున్నరేళ్లు గమనించి చెప్పిన మాట వేరు. ఏడాదిలో మూడో వంతు యంత్రాల్లో కనీసం ఒక దిద్దగల తప్పు వచ్చింది. ఒక మెమరీ కార్డులో ఒక తప్పు వస్తే, ఆ నెలలోనే అదే కార్డులో ఇంకోటి రావడానికి అవకాశం 13 నుంచి 228 రెట్లు ఎక్కువ. ఆకాశం నుంచి పడే పిడుగు ఒకే చెట్టుని పట్టుకుని అన్నిసార్లు కొట్టదు. ఎక్కువ భాగం కార్డులే లోపల చెడుతున్నాయి. చిన్న తప్పులు కనబడ్డ కార్డులోనే దిద్దలేని పెద్ద తప్పు వచ్చే అవకాశం కూడా బాగా పెరుగుతుందని అదే అధ్యయనం చెప్పింది.

చెమ్మ ఉన్నచోటే గండి.

* * *

1981 ఐబీఎం పీసీలో ఎనిమిది చిప్పుల మెమరీకి తొమ్మిదో చిప్పు సాక్షిగా ఉండేది. తేడా వస్తే 'ప్యారిటీ చెక్' అని తెర మీద వేసి యంత్రం నిలబడిపోయేది. మొరటు పద్ధతే, కానీ నిజాయితీ ఉంది. 1990లలో ధరల పోటీ ముదిరి తొమ్మిదో చిప్పుని పీకేశారు. కార్డు చవకైంది. తప్పులు తగ్గలేదు, వాటి గురించి చెప్పే నోరు పోయింది. నా డెస్క్‌టాప్ ఆ వంశంలో పుట్టిందే.

అప్పటి లైనక్స్ కెర్నల్‌లో దీనికో సందేశం ఉండేది. ఆపడానికి వీల్లేని అంతరాయం ఒకటి వచ్చింది, బహుశా మీ ర్యామ్ చిప్పుల్లో హార్డ్‌వేర్ సమస్య ఉన్నట్టుంది, నాకు తల తిరిగి అయోమయంగా ఉంది, అయినా సాగడానికి ప్రయత్నిస్తున్నాను అని. నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో కాలేజీ ల్యాబులో మొదటిసారి ఆ సందేశం కొత్త రూపాన్ని చూసినప్పుడు ఎవరో కొంటెగా రాశారనుకున్నాను. ఇప్పుడు చదివితే అందులో ఎంత వినయం ఉందో తెలుస్తుంది. కెర్నల్ చేతిలో ఏమీ లేదు. హార్డ్‌వేర్ చెప్పిందే దానికి తెలిసేది.

చెప్పే పద్ధతి మెల్లగా మెరుగైంది. 1993 పెంటియంలో మెషిన్ చెక్ వచ్చింది, 1995 పెంటియం ప్రోలో దానికొక పూర్తి నిర్మాణం వచ్చింది. ప్రాసెసర్ లోపల 'బ్యాంకులు' ఉంటాయి. ఒక్కో బ్యాంకులో తప్పు వివరం రాసే 64 బిట్ల గడి. నాకు అందులో కొన్ని బిట్లంటే వ్యామోహం. 63వ బిట్ ఒకటైతే, ఇక్కడ నిజంగానే సంగతుంది, చదువు అని అర్థం. 61వది ఒకటైతే దిద్దలేకపోయాను. 57వది ఒకటైతే ప్రాసెసర్ సొంత స్థితే చెడిపోయింది, నేనెక్కడున్నానో నాకే నమ్మకం లేదు అని. అన్నిటికంటే నాకిష్టమైంది 62వది. మీరు పాతది చదివేలోపే ఇంకో తప్పు వచ్చింది, రెండిటిలో ఒకదాన్నే రాసుకోగలిగాను, ఒకటి పోయింది అని చెప్పే బిట్. మరిచిపోయాను అని ఒప్పుకోవడానికి ఒక బిట్ కేటాయించిన రూపకర్త ఎవరో గానీ, అతనికి దండం. మన ఆత్మకథల్లో ఆ బిట్ ఎక్కడా కనపడదు.

దిద్దలేని తప్పు వచ్చి, ప్రాసెసర్ తన మీద తనే నమ్మకం పోగొట్టుకుంటే కెర్నల్ చేసే పని చచ్చిపోవడం. లైనక్స్ అప్పుడు వేసే చివరి మాటల్లో 'నాట్ సింకింగ్' అని ఉంటుంది. మెమరీలో ఉన్నదాన్ని డిస్కులోకి రాయడం లేదు అని. మొదట్లో ఇది అన్యాయం అనిపించేది. పోయేముందు ఉన్నదైనా రాసి పోవచ్చు కదా. కానీ ఏది నిజమో తెలియనప్పుడు రాస్తే, మంచి దాని మీద చెడ్డది రాసే ప్రమాదం ఉంది. విండోస్‌లో అదే నీలం తెర, విస్టా కాలం నుంచి 0x124 అనే అంకెతో. మనం తిట్టుకునే ఆ తెర నిజానికి మన ఫైళ్లకి కాపలా. నా డెస్క్‌టాప్ నాయనమ్మ కథని మింగేముందు ఒక్కసారి అలా నీలం పడి చచ్చుంటే ఎంత బాగుండేది.

2009లో లైనక్స్ ఇంకో మెట్టెక్కింది. మెమరీలో ఒక పేజీ పాడైతే యంత్రం మొత్తం చావక్కర్లేదు. ఆ పేజీకి విషపు ముద్ర వేసి పక్కనపెడుతుంది. అందులో ఉన్నది డిస్కులో కూడా ఉంటే అక్కణ్ణుంచి మళ్లీ తెచ్చుకుంటుంది. లేకపోతే ఆ పేజీని వాడుతున్న ప్రోగ్రామ్‌కి మాత్రం ఒక సిగ్నల్ పంపుతుంది, నీ డేటా పోయిందని.

ఇక దిద్దగలిగిన చిన్న తప్పుల సంగతి. 64 బిట్ల లైనక్స్ మొదటి రోజుల్లో కెర్నల్ ఐదు నిమిషాలకోసారి బ్యాంకులన్నీ తిరిగి చూసి వచ్చేది, అచ్చం కట్ట మీద నీరటిలాగే. 2006లో 'ఎడాక్' అనేది కలిసింది; ఏ మెమరీ కార్డులో ఎన్ని దిద్దాం, ఎన్ని దిద్దలేకపోయాం అని లెక్కలు పెడుతుంది. అంటే దాదాపు నలభై ఏళ్ల తర్వాత లాగ్‌రెక్ తిరిగొచ్చింది. చదివే మనిషి మాత్రం రాలేదు.

ఆ ఖాళీలోకి ఏం వచ్చిందో చూడండి. చాలా సర్వర్లలో ఇప్పుడు తప్పు మొదట కెర్నల్‌కి వెళ్లదు, బోర్డు మీది ఫర్మ్‌వేర్‌కి వెళ్తుంది. అది తనకి తోచినంత చెప్తుంది, తోచనిది తనలోనే ఉంచుకుంటుంది. 2017లో లైనక్స్‌లోనే ఒక చిన్న భాగం చేరింది. దిద్దిన తప్పుల్ని పేజీలవారీగా లెక్కపెట్టి, ఒక హద్దు దాటితే ఆ పేజీని మెల్లగా తప్పించేస్తుంది. హద్దు దాటనివాటి గురించి వాడేవాణ్ణి కంగారు పెట్టదు. డీడీఆర్5 మెమరీలో చిప్పు లోపలే దిద్దుబాటు ఉంది. దిద్దినప్పుడల్లా అది పైకి కబురు పంపదు. ఒక్కో అడుగుకీ ఒక్కో మంచి కారణముంది. పదివేల యంత్రాలు రోజూ తుమ్మిందీ దగ్గిందీ చెప్తుంటే వినేవాడు పిచ్చెక్కి చెవులు మూసుకుంటాడు.

నేనే మూసుకున్నాను. ఐదారేళ్ల కిందట పనిచేసిన ఒకచోట, దిద్దిన తప్పుల హెచ్చరికలు రాత్రుళ్లు మమ్మల్ని నిద్రపోనివ్వట్లేదని ఒక రూలు రాశాను: దిద్దినవైతే కేవలం 'సమాచారం' కింద వేసి, వారం తర్వాత చెరిపెయ్యి. అందరూ మెచ్చుకున్నారు. ఏడు నెలలకి ఒక సర్వర్ దిద్దలేని తప్పుతో పడిపోయింది. కారణం వెతుకుతూ పాత రికార్డులు అడిగితే అవి లేవు. మిగిలిన చివరి వారంలోనే ఆ ఒక్క కార్డు మీద వేలల్లో దిద్దుబాట్లున్నాయి. అంతకుముందు ఎన్ని నెలల నుంచి కారుతోందో చెప్పేవన్నీ నా రూలు తినేసింది. ఎవరికీ పెద్ద నష్టం రాలేదు, మీటింగులో రెండు మాటలన్నారు, అయిపోయింది. నాయనమ్మ ఫైలు ఆగిపోయిన చోటు విన్నాకే అది మళ్లీ గుర్తొచ్చింది. నీరటిని అంత తేలిగ్గా తిట్టలేకపోయాను.

యంత్రానికే తెలియని తప్పులైతే మరీ ఘోరం. 2021లో ఫేస్‌బుక్ ఇంజనీర్లు ఒక కేసు బయటపెట్టారు. ఫైళ్లని విప్పే పనిలో కొన్ని ఫైళ్లు మాయమైపోతున్నాయి, ఏ లాగులోనూ తప్పు లేదు. తవ్వుకుంటూ పోతే ఒక ప్రాసెసర్‌లోని ఒకే ఒక్క కోర్ 1.1ని 53వ ఘాతానికి పెంచి పూర్ణాంకం ఇవ్వమంటే 156 బదులు సున్నా అంటోంది. సైజు సున్నా అంటే ఫైలు లేదనుకుని పై ప్రోగ్రామ్ వదిలేస్తోంది. మెషిన్ చెక్ లేదు, బ్యాంకులు ఖాళీ. కెర్నల్ దృష్టిలో అంతా క్షేమం.

లైనస్ టోర్వాల్డ్స్‌కే తప్పలేదు ఇది. మామూలు కంప్యూటర్లకి ఈసీసీ దొరక్కుండా చేశారని 2021 మొదట్లో ఇంటెల్ మీద విరుచుకుపడ్డ మనిషి. 2022 అక్టోబర్‌లో, కొత్త కెర్నల్‌కి కోడ్ కలుపుతున్న రోజుల్లో, ఆయన సొంత యంత్రమే పిచ్చిపిచ్చిగా పడిపోవడం మొదలైంది. కొత్తగా కలిపిన కోడ్‌లో తప్పుందేమో అని మొదట అనుమానించాడు. చూస్తే ఒక మెమరీ కార్డు చెడింది. ఆ యంత్రానికి ఈసీసీ లేదు. లోకానికి కెర్నల్ ఇచ్చిన మనిషికి కూడా ఆ కెర్నల్ ఏమీ చెప్పలేకపోయింది.

* * *

నీరటి చివరికి పటేలుకి చెప్పాడా? మా మేనత్తని అడిగాను. "గండి వడ్డదని యాదికున్నది బిడ్డా. ఆయనె చెప్పిండా లేదా అంటె... మీ నాయనమ్మ ఒక్కోసారి ఒక్కోతీరుగ చెప్పేది" అంది. నాన్నకి ఆ కథే తెలియదు.

పోయినేడు కాస్త డబ్బు ఎక్కువైనా ఈసీసీ ఉన్న యంత్రం కట్టుకున్నాను. మిగిలిన ఎనిమిది ఫైళ్లు అందులో ఉన్నాయి, ఒక్కోటి మూడు చోట్ల, చెక్‌సమ్‌లతో సహా. పొద్దున కాఫీ తాగుతూ ఎడాక్ లెక్క చూడటం అలవాటైంది. నెలల తరబడి సున్నా. మొన్న వానపడ్డ రాత్రి తెల్లారి చూస్తే ఒకటి. వానకీ దానికీ సంబంధం లేదని నాకూ తెలుసు. తేదీ, టైము, కార్డు నంబరు డైరీలో రాసి, మా ఆవిడని లేపాను.

"ఏమైంది?"

"మెమరీలో ఒక బిట్ తప్పింది."

"అయ్యో. ఏమైనా పోయిందా?"

"లేదు. అదే దిద్దుకుంది."

"మరి నన్నెందుకు లేపావు?" అని అటు తిరిగి పడుకుంది.